22 ఇంచుల చక్రాలే ఉంచాలా, 20కి మారాలా? రివియన్ ఎలక్ట్రిక్ పికప్‌కు టైర్లు ఎంచుకోవడం

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బండి 2022 రివియన్ ఆర్1టీ, నాలుగు మోటార్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 22 ఇంచుల స్పోర్ట్ చక్రాలతో వచ్చింది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున బాగా అరిగాయి. ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఆఫీసుకు రానూపోనూ 40 మైళ్లు, డిసెంబరులో పిల్లలతో కొలరాడో మంచుకొండలకు వెళ్తారు. తెలిసినాయన ఒకరు 20 ఇంచుల ఆల్ టెర్రెయిన్ (మట్టి, రాళ్ల దారులకూ పనికొచ్చే టైర్ల) సెట్టు చక్రాలతో సహా అమ్ముతానంటున్నారు. చూడ్డానికి బండి దర్జాగా ఉంటుందని మీరు, రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లగల దూరం) పోతుంది, చప్పుడు పెరుగుతుంది అని మీ ఆవిడ. ఎవరి మాట వినాలన్నది ప్రశ్న.

ఆవిడ మాటే వినండి. కానీ ఆ సెట్టు మాత్రం వదులుకోకండి. ధర సరిపడితే చక్రాల కోసం కొనండి, వాటి మీది టైర్లు తీయించి 275/60ఆర్20 సైజులో మంచి హైవే టైర్లు వేయించండి. నేను ఏళ్ల తరబడి ఒహాయోలో టైర్ల పరీక్షల పనిలో ఉన్నాను, ఇప్పుడు నడిపేది కూడా ఇదే బండి. ఇదే సలహా చాలామందికి ఇచ్చాను. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా టైర్ల షాపుకు వెళ్తే కౌంటర్ దగ్గర అబ్బాయి తన దగ్గర ఏది ఉంటే అది అంటగడతాడు.

మొదట సైజుల సంగతి. రివియన్ మొదటి తరం ఆర్1టీకి కంపెనీ మూడు రకాలు ఇచ్చింది. 21 ఇంచుల రోడ్ టైరు 275/55ఆర్21, 22 ఇంచుల స్పోర్ట్ టైరు 275/50ఆర్22, 20 ఇంచుల ఆల్ టెర్రెయిన్ 275/65ఆర్20. మూడూ పిరెల్లీవే. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో. చివరిది రిమ్ము వ్యాసం, ఇంచుల్లో. ఈ మూడు అంకెల నుంచి టైరు మొత్తం ఎత్తు మీరే కట్టుకోవచ్చు. 275లో 50 శాతం 137.5. పైనా కిందా కలిపితే 275. 22 ఇంచులంటే 558.8 మిల్లీమీటర్లు. మొత్తం 834. ఇదే లెక్కన 21 ఇంచులది 836, ఆల్ టెర్రెయిన్‌ది 865.

ఇప్పుడు 275/60ఆర్20 లెక్క కట్టండి. 838 వస్తుంది. అంటే ఇప్పుడు మీ బండికున్న టైరుకూ దీనికీ తేడా నాలుగు మిల్లీమీటర్లు, అర శాతం. స్పీడోమీటరు, ఓడోమీటరు, ఎయిర్ సస్పెన్షన్ ఎత్తు దేనికీ ఈ మార్పు తెలియదు. ఆల్ టెర్రెయిన్ టైరు అలా కాదు, దాదాపు నాలుగు శాతం పెద్దది. బండిలో చక్రాల సైజు సెట్టింగు మార్పించకుండా అది వేసుకుని తిరిగితే మీరు నిజంగా 100 మైళ్లు వెళ్లినప్పుడు మీటరు 96 చూపిస్తుంది. అప్పుడు జనం రేంజ్ భయంకరంగా పడిపోయిందని గొడవ పెడతారు. అందులో కొంత నిజంగా పోయింది, కొంత మీటరు లెక్కపెట్టకుండా వదిలేసిన దూరం. కొత్త సైజు వేసిన ఎవరైనా రేంజ్ గురించి చెబితే, జీపీఎస్‌తో దూరం సరిచూశారా అని అడగండి. చాలామంది చూసి ఉండరు.

అయినా ఆల్ టెర్రెయిన్‌తో రేంజ్ పోతుందన్నది వాస్తవమే. 21 ఇంచులతో పోలిస్తే 20 ఇంచుల ఆల్ టెర్రెయిన్‌కు 10 నుంచి 15 శాతం, 22కు 5 నుంచి 10 శాతం తగ్గుతుందని రివియన్ కంపెనీయే చెప్పింది. పెద్ద బ్యాటరీ, నాలుగు మోటార్ల ఆర్1టీకి ప్రభుత్వ లెక్క 314 మైళ్లు అన్నది 21 ఇంచుల చక్రాలతో వచ్చిన అంకె. ఫోర్డ్ ఎలక్ట్రిక్ పికప్ లైట్నింగ్‌లోనూ ఇదే కథ. ఒకే పెద్ద బ్యాటరీతో లారియట్ రకానికి 320 మైళ్లు, 22 ఇంచుల చక్రాల ప్లాటినమ్‌కు 300. ప్లాటినమ్ కొంచెం బరువు కూడా ఎక్కువే, ఆ 20 మైళ్లూ చక్రాల ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. కానీ పెద్ద వాటా వాటిదే.

ఈ రేంజ్ ఎక్కడికి పోతుంది? చక్రం సైజు వల్ల పోతోందని అందరూ అనుకుంటారు. ఎక్కువ భాగం రబ్బరు వల్ల, ట్రెడ్ (టైరు నేలను తాకే గాడుల భాగం) దిమ్మెల వల్ల పోతుంది. టైరు నేలను తాకినచోట ప్రతి తిరుగుడులోనూ నలిగి మళ్లీ లేస్తుంది, ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. దిమ్మెలు లోతుగా, విడివిడిగా ఉంటే నలుగుడు ఎక్కువ. దీన్ని రోలింగ్ రెసిస్టెన్స్ అంటాం. మీ బండి ఖాళీగానే 7,100 పౌన్లకు పైన, అంటే 3,200 కిలోలకు పైమాట. మంచి హైవే టైరుకు ఈ నిరోధం గుణకం 0.008 అనుకుందాం, గట్టి ఆల్ టెర్రెయిన్‌కు 0.011 అనుకుందాం. అంకెలో తేడా చీమంత. ఈ బరువు మీద గుణిస్తే మైలుకు 40 నుంచి 50 వాట్ అవర్ల అదనపు ఖర్చు తేలుతుంది. హైవే మీద ఈ బండి మైలుకు 480 వాట్ అవర్ల చుట్టుపక్కల తాగుతుంది. పది శాతం పోయింది, ఇంకా గాలి లెక్కలోకి రానేలేదు. చిన్న కారు అయితే ఇదే టైరు తేడా ఇంతగా కనపడదు. పికప్ బరువు వల్లే ఇదంతా.

బండికి ఎదురయ్యే గాలి నిరోధం వేగం పెరిగేకొద్దీ బాగా పెరుగుతుంది. ఊచలు ఖాళీగా ఉన్న చక్రం గాలిని చిలుకుతుంది. చదునుగా, మూసినట్టుండే డిజైన్ దాన్ని పక్కకు జారనిస్తుంది. 21 ఇంచుల చక్రం చూడ్డానికి సాదాసీదాగా ఉండి అందరికంటే ముందుండటానికి ఇదొక కారణం. టైరు ఎత్తు పెరిగితే గాలికి ఎదురయ్యే భాగం కూడా కొంచెం పెరుగుతుంది, బండి ఒక సెంటీమీటరున్నర పైకి లేస్తుంది.

మరి అలాంటప్పుడు 21 ఇంచులే కొనమని ఎందుకు చెప్పను? టైర్లు దొరకవు కాబట్టి. 275/55ఆర్21 సైజును వాడే బండ్లు అతి తక్కువ, తయారుచేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొలరాడో దారిలో టెక్సస్ ఊరు అమరిల్లో దాటాక శనివారం సాయంత్రం టైరు పక్కగోడ చీలితే ఆ సైజు ఏ షాపులోనూ ఉండదు. అదే 275/60ఆర్20 అయితే ఫోర్డ్ ఎఫ్-150కి కొన్నేళ్లుగా కంపెనీ సైజు, లైట్నింగ్ లారియట్‌కు కూడా అదే. టెక్సస్‌లో ఎఫ్-150లు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ చిన్న ఊళ్లో అయినా స్టాకు ఉంటుంది, నాలుగైదు కంపెనీల మధ్య పోటీ ఉంటుంది కాబట్టి ధరా దిగుతుంది.

22 ఇంచులవి ఉంచుకోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే, అందం. మలుపుల్లో కొంచెం బిగువుగా ఉంటుందన్నమాట నిజమే. కానీ 137 మిల్లీమీటర్ల పక్కగోడకు, 165 మిల్లీమీటర్ల పక్కగోడకు తేడా గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది. మూడు టన్నుల పైచిలుకు బండి రోడ్డు అతుకు మీద 70 మైళ్ల వేగంతో పడితే రబ్బరు గనక ఆ దెబ్బ మింగకపోతే రిమ్ము మింగుతుంది. డాలస్ చుట్టుపక్కల హైవేల మరమ్మతులు ఎప్పటికీ అయిపోయేవి కావు. షెవర్లే సిల్వరాడో ఈవీ ఆర్ఎస్‌టీకి 24 ఇంచుల చక్రాలు పెట్టారు. షోరూములో చూసి ఎవరైనా ముచ్చటపడతారు, టైరు మార్చే రోజు బిల్లు చూసి ముచ్చట తీరుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇది మాత్రం శ్రద్ధగా చదవండి, ఎందుకంటే రేంజ్ తప్పితే డబ్బు పోతుంది, ఇది తప్పితే టైరు పేలుతుంది.

డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. అందులో మొత్తం బరువు పరిమితి (మీ బండికి 8,532 పౌన్లు), ముందు ఇరుసు, వెనక ఇరుసు పరిమితులు, టైరు సైజు, చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంత ఉండాలో రాసి ఉంటుంది. మీ బండికి గాలి 48 పీఎస్ఐ (చదరపు ఇంచుకు పౌన్లు). టైరు పక్కగోడ మీద సైజు పక్కనే 115హెచ్, 116హెచ్ లాంటి అంకె ఉంటుంది, అది మోసే బరువు సూచిక. 113 అంటే 2,535 పౌన్లు, 115 అంటే 2,679, 116 అంటే 2,756. చాలామంది ఇక్కడితో ఆగి, రెండుతో గుణించి, సరిపోయిందనుకుంటారు. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం కారు తరగతి టైరును పికప్ మీద వాడితే ఆ బరువును 1.10తో భాగించాలి. పికప్ మీద సామాను ఎలా పడితే అలా వేస్తారు, ఒకవైపు ఒరుగుతుంది, ఆ జాగ్రత్త కోసం పెట్టిన లెక్క అది.

మీ స్టిక్కరు మీద వెనక ఇరుసు 4,800 పౌన్లని ఉందనుకుందాం. 113 టైరు భాగించాక 2,304, రెండు కలిపితే 4,608. చాలదు. 115 అయితే 2,435, రెండూ కలిపితే 4,870. సరిపోయింది, కానీ అంచుకు. 116 అయితే 5,010, కాస్త ఊపిరి ఉంది. కాబట్టి మీ సైజులో 115 కనీసం, 116 గానీ ఆపైన గానీ దొరికితే అదే తీసుకోండి. పాత టైరు మీదున్న అంకె కంటే తక్కువది ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇంకో చిక్కుంది, ఇది షాపుల్లో కూడా తరచూ మరిచిపోతారు. పక్కగోడ మీద సన్నటి అక్షరాల్లో గరిష్ఠ గాలి ఒత్తిడి అని ఉంటుంది. మామూలు బరువు తరగతి టైర్లలో కొన్నిటికి అది 44 పీఎస్ఐ, కొన్నిటికి 51. మీ బండికి చల్లగా ఉన్నప్పుడే 48 కావాలి. 44 ఉన్న టైరు ఎంత మంచిదైనా మీకు పనికిరాదు. 50 లేదా 51 ఉన్నదే కొనాలి. ఎక్స్‌ఎల్ (మామూలు కంటే ఎక్కువ బరువు మోసే తరగతి) అని రాసి ఉన్నవాటిలో సాధారణంగా 50 ఉంటుంది, అయినా చదివి చూసుకోండి. ఈ మధ్య ఎలక్ట్రిక్ బండ్ల బరువు కోసం హెచ్‌ఎల్ అనే కొత్త తరగతి వచ్చింది. అదే సైజు ఎక్స్‌ఎల్ టైరు కంటే ఆరు నుంచి తొమ్మిది శాతం ఎక్కువ మోస్తుందని పిరెల్లీ చెబుతోంది. సైజులు ఇంకా పరిమితం, పికప్ సైజుల్లో దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఎల్‌టీ టైర్లు వేస్తే గొడవే లేదు కదా అని మీకు అనిపించవచ్చు. లైట్ ట్రక్ టైరు, బరువు తరగతి ఈ (లోడ్ రేంజ్ ఈ), సూచిక 126, అంటే 3,700 పౌన్ల పైన. అంకె చూస్తే కొండ మోసేటట్టుంటుంది. కానీ ఆ అంకె 80 పీఎస్ఐ గాలి దగ్గర. 48 దగ్గర అది మోసేది చాలా తక్కువ, అందుకే కారు టైరు నుంచి ఎల్‌టీకి మారినప్పుడు తయారీదారు ఒత్తిడి పట్టిక చూసి గాలి పెంచుకోవాలి. పెంచితే ఎముకలు కదులుతాయి. పైగా ఒక్కో టైరు పది పౌన్లకు పైగా బరువు పెరుగుతుంది, రేంజ్ ఇంకా పడుతుంది. యూటాలోని మోయాబ్‌లో బండరాళ్ల మీద ఎక్కించేవాళ్లకు, రోజూ కంకర దారిలో పశువుల ట్రెయిలర్ లాగేవాళ్లకు అది అవసరం. ఫ్రిస్కో నుంచి ప్లేనోకు వెళ్లే బండికి కాదు.

ఎయిర్ బెడ్, మంచాలు, సామాను అని చిన్న ట్రెయిలర్ కొనే ఆలోచన ఉందన్నారు. ఆర్1టీ 11,000 పౌన్ల దాకా లాగగలదు, మీరు లాగేది అందులో మూలకు వస్తుందేమో. నిలువెత్తు పెట్టె ట్రెయిలర్ తగిలిస్తే రేంజ్ దాదాపు సగమవుతుంది, అప్పుడు టైరు తేడా అందులో కొట్టుకుపోతుంది. ట్రెయిలర్ కొక్కెం మీద పడే బరువు మాత్రం వెనక ఇరుసుకు చేరుతుంది. పైన చెప్పిన లెక్కలో దాన్నీ కలుపుకోండి.

మంచు విషయం. కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ (టైరు పట్టు) చట్టం నడుస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా ట్రెడ్ లోతు కనీసం 3/16 ఇంచు ఉండాలి. టెక్సస్‌లో 2/32 ఇంచు దాకా నడిపినా ఎవరూ అడగరు, కానీ 3/16 అంటే 6/32. కొత్త హైవే టైరు 10/32 నుంచి 12/32 మధ్య మొదలవుతుంది. అంటే ఇక్కడ ఇంకా సగం జీవితం ఉన్న టైరు అక్కడ చట్టానికి సరిపోదు. కొలరాడో ప్రయాణం ప్రతి ఏడూ ఉంటే టైరు జీవితాన్ని 2/32 దాకా కాదు, 6/32 దాకానే లెక్కవేసుకోండి. ధర చూసేటప్పుడు ఈ లెక్కతో చూస్తే లోతు ఎక్కువున్న కొంచెం ఖరీదైన టైరే చవకపడవచ్చు.

పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న గుర్తు చూసి మోసపోవద్దు. అది ట్రెడ్ గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారే వేసుకునే గుర్తు, మంచులో పరీక్ష ఏమీ లేదు. మూడు శిఖరాల కొండ లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే అది పరీక్షలో నెగ్గిన టైరు. అయినా ఆ పరీక్ష నలిగిన మంచు మీద ముందుకు లాగే పట్టును మాత్రమే కొలుస్తుంది. గడ్డకట్టిన నున్నటి మంచు మీద ఆగడం, మలుపు తిరగడం అందులో లేవు. నాలుగు మోటార్లు, 835 హార్స్‌పవర్ ఉంటే బండి ఎక్కడైనా కదులుతుంది. ఆగేటప్పుడు మాత్రం నాలుగు అరచేతులంత రబ్బరే దిక్కు, మూడు టన్నుల బరువు అప్పుడు శత్రువు. మీరు ఏడాదికి ఒకసారి, అదీ రోడ్లు శుభ్రం చేశాక వెళ్తారు కాబట్టి ఆ మంచు పువ్వు గుర్తున్న ఆల్ సీజన్ హైవే టైరు సరిపోతుంది. జనవరిలో నెలంతా అక్కడే ఉండే ఉద్దేశమైతే అసలైన వింటర్ టైర్లు, అవి కూడా వేరే చక్రాల మీద. అప్పుడు మీ 22 ఇంచుల రిమ్ములు అమ్మేసి ఇంకో 20 ఇంచుల సెట్టు తెచ్చుకోవడం ఉత్తమం.

టెక్సస్ ఎండలో నింపిన గాలి కొలరాడో చలిలో పడిపోతుంది. పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఒక పీఎస్ఐ అంటారు, అది 35 పీఎస్ఐ కారు టైర్ల లెక్క. 48 దగ్గర పది డిగ్రీలకు 1.2 దాకా ఉంటుంది. ఇంటి దగ్గర 70 డిగ్రీల్లో నింపి 10 డిగ్రీల చలిలో తెల్లారి లేస్తే ఏడు పీఎస్ఐ పోయి ఉంటుంది. 41తో నిండా సామాను, నలుగురు మనుషులు, హైవే వేగం మంచిది కాదు. చిన్న కంప్రెసర్ బండిలో పెట్టుకోండి.

ఆ దారి గురించి ఒక మాట. డాలస్ నుంచి డెన్వర్‌కు సుమారు 800 మైళ్లు, విచిటా ఫాల్స్, అమరిల్లో, డాల్‌హార్ట్, రటోన్ మీదుగా. అమరిల్లో నుంచి రటోన్ దాకా 200 మైళ్ల పైన, ఎదురుగాలి ఆ ప్రాంతంలో ఎప్పుడూ ఉండేదే, డిసెంబరు చలి దానికి తోడు. మీ రేంజ్ అసలు పరీక్ష అక్కడే. రోజూ 40 మైళ్లు తిరిగి ఇంట్లో చార్జ్ చేసుకునేవారికి పది శాతం అంటే లెక్కలోకి రాదు. ఏడాదికి 12,000 మైళ్ల మీద మైలుకు 47 వాట్ అవర్లు ఎక్కువైతే 560 కిలోవాట్ అవర్లు, యూనిట్ 15 సెంట్లనుకుంటే 85 డాలర్లు. దానికోసం ఎవరూ టైర్లు మార్చరు. ఆ 200 మైళ్ల మధ్యలో చార్జర్ పనిచేయక తర్వాతి ఊరికి వెళ్లాల్సివస్తే మాత్రం ఆ పది శాతం విలువ వేరు. పిల్లలు వెనక సీట్లో ఉంటే ఇంకా వేరు.

చప్పుడు సంగతి మీ ఆవిడ సరిగ్గా పట్టుకున్నారు. ఇంజను చప్పుడు లేని బండిలో దిమ్మెల టైరు మోత 45 మైళ్ల దగ్గర మొదలై, అరిగేకొద్దీ పెరుగుతుంది. కొన్ని ఎలక్ట్రిక్ బండ్ల టైర్ల లోపల చప్పుడు తగ్గించే స్పాంజి అంటించి ఉంటుంది. బాగుంటుంది గానీ పంక్చర్ వేసేటప్పుడు ఆ చోట స్పాంజి కోసి తీయాలి, కొన్ని షాపులు ఆ పనికి ఒప్పుకోవు. స్పాంజి లేని మంచి హైవే టైరు కూడా ఈ బండిలో ప్రశాంతంగానే ఉంటుంది. కొనేటప్పుడు అది ఉందా లేదా అని తెలుసుకుంటే చాలు.

ముందు టైర్లు లోపలివైపు అరిగాయన్నారు కదా, దాన్ని బాగుచేయకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి. ఈ బండిలో కన్సర్వ్ మోడ్ అంటే ముందు మోటార్లు మాత్రమే లాగుతాయి, బండి కిందికి దిగుతుంది. దిగినప్పుడు చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, బరువు లోపలి అంచు మీద పడుతుంది. ఆ వాలుతో అన్ని మైళ్లూ ముందు టైర్లే లాగితే ఫలితం మీరు చూసిందే. మీ ముందున్న ఓనరు రేంజ్ కోసం నెలల తరబడి ఆ మోడ్‌లో నడిపి ఉంటాడని నా అనుమానం. టైరు డబ్బుతో కరెంటు డబ్బు ఆదా చేశాడన్నమాట. హైవే దూరప్రయాణాల్లో కన్సర్వ్ వాడుకోండి, రోజువారీకి ఆల్ పర్పస్ మోడ్ ఉంచండి. కొత్త టైర్లు వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించండి, అది కూడా ఎయిర్ సస్పెన్షన్‌ను కంపెనీ చెప్పిన ఎత్తులో పెట్టి. ఐదు వేల మైళ్లకు ఒకసారి ముందువి వెనక్కి మార్పించండి. ఏడున్నర వేల దాకా ఆగొచ్చంటారు, ఈ టార్క్ ఉన్న బండికి నేను ఆగను.

కొత్త టైర్లు వేశాక మొదటి వారం రేంజ్ తగ్గినట్టు కనిపిస్తుంది. టైరు తప్పని కంగారుపడకండి. అరిగిన టైరులో నలిగే రబ్బరు తక్కువ, నిరోధమూ తక్కువ. బోడి టైరు నుంచి నిండు టైరుకు మారితే, అదే కంపెనీ అదే మోడల్ అయినా, కొన్ని శాతం పోతుంది. వెయ్యి మైళ్లు నడిచాక అంకెలు చూడండి.

ఇక ఆ సెకండ్ హ్యాండ్ సెట్టు. అవి రివియన్ కంపెనీ 20 ఇంచుల చక్రాలైతే నిశ్చింతగా సరిపోతాయి. బయటి కంపెనీవైతే జాగ్రత్త. రివియన్‌కు ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వరస. పాత రామ్ 1500కీ అదే వరస కాబట్టి ఆ చక్రాలు కూడా సరిపోతాయని చెప్పేవాళ్లుంటారు. బోల్టులు కలిసినంత మాత్రాన మధ్యలో హబ్ బొక్క, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి జరిగి ఉంటుందో), నట్టు కూర్చునే కోణం కలుస్తాయని లేదు. రిమ్ము వెనకవైపు అది ఎంత బరువు మోయగలదో అచ్చువేసి ఉంటుంది. వెనక ఇరుసు పరిమితిలో సగం కంటే తక్కువుంటే వద్దు, అచ్చే లేకపోతే అసలు వద్దు. లోపలి అంచు చుట్టూ వేలు పెట్టి తడమండి, వంగినచోటు తెలుస్తుంది. షాపులో బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి చూశాకే డబ్బివ్వండి. గాలి ఒత్తిడి సెన్సార్లు అందులో ఉన్నాయా, వాటి బ్యాటరీ ఎన్నేళ్లదో అడగండి. టైరు మీద డాట్ అన్న అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, 2322 అంటే 2022లో 23వ వారం తయారీ. ఆ ఆల్ టెర్రెయిన్ టైర్లు మీకు వద్దు గానీ, ట్రెడ్ బాగుండి కొత్తవైతే వాటికి కొనేవాళ్లు దొరుకుతారు. ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన పనిలేదు.

టైరు వేయించేచోట రెండు మాటలు. కాస్ట్‌కో లాంటి చోట్ల సాధారణంగా తలుపు స్టిక్కరు మీద లేని సైజు వేయరు, వాదించి లాభం లేదు. ఎలక్ట్రిక్ పికప్‌లు రోజూ చూసే టైర్ల షాపుకు వెళ్లండి. జాక్ ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడండి, బండి అడుగున ఉన్నది బ్యాటరీ, దానికి గీత పడినా మీకే నష్టం. జాక్ పెట్టే చోట్లు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉన్నాయి, ఫోనులో తీసి పెట్టుకోండి. స్పేర్ ఉంటే దాని సైజూ చూసుకోండి. వేయించిన 50 మైళ్ల తర్వాత నట్ల బిగువు మళ్లీ చూపించండి.

తలుపు స్టిక్కరు ఫొటో, ఆ చక్రాల వెనకవైపు ఫొటో పంపండి. ఇరుసు పరిమితులు, రిమ్ము మీది అచ్చు చూసి, మీ దగ్గరి షాపుల్లో దొరికే 275/60ఆర్20ల్లో ఏది సరిపోతుందో చెబుతాను. ఆయన ఎంత అడుగుతున్నాడో కూడా రాయండి.